పేరు అడగని రాత్రి

క్రిస్మస్ సెలవులకు కాలేజీ నుంచి ఇంటికి వచ్చిన మా అమ్మాయి, మంత్రగత్తె అగాథ కథగా వచ్చిన మార్వెల్ సీరియల్ "అగాథా ఆల్ అలాంగ్" మళ్ళీ మొదటి నుంచి చూద్దామని పట్టుపట్టింది. మూడో భాగం అయ్యాక, ఆ సీరియల్ మొదలైన రాత్రి, అంటే 2024 సెప్టెంబరు 18న, మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఏమేం రాసుకున్నామో చూడాలనిపించింది. మాకు ఇక్కడ ఎడిసన్‌లో రాత్రి తొమ్మిదికి మొదటి రెండు భాగాలూ ఒకేసారి వచ్చాయి. అర్ధరాత్రి దాటేదాకా నూట నలభైకి పైగా సందేశాలున్నాయి. పేరు వినిపించని ఆ కుర్రాడు ఎవరు, అగాథ వెంటపడే రియో ఎవరు, ఇంతకుముందు "వాండావిజన్" సీరియల్‌లో ఒక ఊరి మీద మంత్రం వేసిన వాండా నిజంగా చనిపోయిందా అన్న మూడు ప్రశ్నల చుట్టూనే వాటిలో ముప్పాతిక వంతు తిరిగాయి. మిగిలినవి పాట గురించి, అగాథగా వేసిన కాథరిన్ హాన్ బట్టలు లేకుండా వీధిలోకి నడిచి వచ్చిన దృశ్యం గురించి. షారన్ డేవిస్ గురించి ఒక్కటంటే ఒక్క సందేశం లేదు. ఆ రాత్రి నేను రాసినవి పదిహేడు. వాటిలోనూ లేదు.

షారన్ ఎవరని మీరు ఒక్క క్షణం తడబడి ఉంటే తప్పు మీది కాదు. ఆమె మిసెస్ హార్ట్; అది వాండా మంత్రంలో ఉన్నప్పుడు ఆమెకు పడిన పేరు. ఆ ఆరంభపు రాత్రి ప్రేక్షకులుగా మేము ప్రవర్తించిన తీరు గురించి నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను. దానికి కథ చివరిదాకా చెప్పక తప్పదు కాబట్టి, ఇంకా చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోవడం మంచిది.

డిటెక్టివ్ ఆగ్నెస్, ఆమె వెనుక మేము

మొదటి భాగం మంత్రగత్తెల కథలా మొదలుకాదు. చిన్న ఊరు, మబ్బు పట్టిన ఆకాశం, అడవిలో గుర్తు తెలియని స్త్రీ శవం, జీవితం మీద విసుగు పుట్టిన డిటెక్టివ్. అమెరికన్ టీవీలో పదేళ్ళుగా నడుస్తున్న ఆ దిగులు నేరకథల ధోరణిని ఎంత శ్రద్ధగా వెక్కిరించారంటే, "ఆగ్నెస్ ఆఫ్ వెస్ట్‌వ్యూ" అని వేరే పేరు వేసి, అది ఒక డేనిష్ సీరియల్ ఆధారంగా తీసినదని కూడా రాశారు. మేము నవ్వుకున్నాం, నవ్వు ఆగకముందే మా పనిలో పడిపోయాం. కేసులో దొరికిన పుస్తకం పేరు "డైలాగ్ అండ్ రెటరిక్: నోన్ హిస్టరీ ఆఫ్ లెర్నింగ్ అండ్ డిబేట్". మా అమ్మాయి రిమోట్ నొక్కి తెర ఆపి, ఆ ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలు కలిపితే డార్క్‌హోల్డ్ అనే మాయల పుస్తకం పేరు వస్తుందని అరిచింది. నేను ఇంకా కళ్ళజోడు వెతుక్కుంటున్నాను.

ఆ భాగంలో జరుగుతున్నది ఏమిటో ఇప్పుడు ప్రశాంతంగా చూస్తే కొంత సిగ్గు వేస్తుంది. ఆగ్నెస్ నిజానికి అగాథ. మూడేళ్ళ కిందట వాండా వేసిన మంత్రంలో ఇరుక్కుపోయి, తన ఇంటినే పోలీస్ స్టేషన్ అనుకుని, పక్కింటివాళ్ళను తోటి ఉద్యోగులనుకుని బతుకుతోంది. ఆమె పట్టుకున్న ఆధారాలు అబద్ధాలు కావు. ఆ శవం వాండాది అన్న నిజం దాకా అవే ఆమెను తీసుకువెళ్ళాయి. అయినా తను కూర్చున్నది ఏ గదిలోనో, తనతో మాట్లాడుతున్నవాళ్ళు ఎవరో, తన మీద జాలిపడి సర్దుకుపోతున్నవాళ్ళు ఎవరో ఆమెకు తెలియదు. ఆధారాల మీద అంత దృష్టి పెట్టి ఎదుట ఉన్న మనుషులను చూడలేని ఒక డిటెక్టివ్‌ను తెర మీద పెట్టి, సీరియల్ సృష్టికర్త జాక్ షేఫర్ మాకు అద్దం పట్టింది. ఆ అద్దంలో కూడా మేము ఆధారాలే వెతికాం.

ఈ మాట మొదట నేను అభిమానుల మీద ఫిర్యాదులాగా అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఊహలు నిజమయ్యాయి మరి

నా ఫిర్యాదు విని మా అమ్మాయి వేసిన మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "అమ్మా, ఆ రాత్రి మేము చెప్పినవన్నీ నిజమయ్యాయి కదా?" అయ్యాయి. తన పేరు చెప్పబోయిన ప్రతిసారీ మాట వినిపించకుండా పోయే ఆ కుర్రాడు వాండా కొడుకు బిల్లీ అని మొదటి రాత్రే సగం మంది తేల్చేశారు. ఐదో భాగం చివర, ఆరో భాగంలో అదే బయటపడింది. రియో విదాల్ సాక్షాత్తు మృత్యువేనని మా గ్రూపులో ఒకాయన పదకొండు గంటలకే రాశాడు. అది ఏడో భాగం దాకా తెర మీదికి రాలేదు. తప్పింది కామిక్స్‌లోని సైతాను మెఫిస్టో విషయంలోనే. 2021లో "వాండావిజన్" వచ్చినప్పుడు ప్రతి తలుపు వెనుకా మెఫిస్టో ఉన్నాడని తొమ్మిది భాగాల పాటు ఎదురుచూసి, చివరికి ఎవాన్ పీటర్స్ పాత్ర రాల్ఫ్ బోనర్ అనే మామూలు మనిషి అని తేలగానే భంగపడ్డవాళ్ళం మేము. ఈసారి కూడా మానలేదు. మెఫిస్టో మాత్రం తీరిగ్గా 2025లో "ఐరన్‌హార్ట్" అనే ఇంకో సీరియల్ చివర్లో వచ్చాడు, మేము పిలవడం మానేశాక.

పైగా ఊహించమని పిలిచింది ఎవరు? పేరు చెప్పబోతే నోరు మూతపడే కుర్రాడిని కథ నడుమ నిలబెట్టి, అతను ఎవరో ఆలోచించవద్దని ఎవరైనా అనగలరా? ఈ సీరియల్ పేరునే "హౌస్ ఆఫ్ హార్క్‌నెస్" అనీ, "కోవెన్ ఆఫ్ కేయాస్" అనీ, "డార్క్‌హోల్డ్ డైరీస్" అనీ మార్చుకుంటూ వచ్చి, అదంతా అగాథ చేసిన అల్లరిగా ప్రచారం చేసుకున్నారు. మొదటి రాత్రి రెండు భాగాలు ఇచ్చి, ఆ తర్వాత అక్టోబరు 30 దాకా వారం వారం ఊరించారు. పొడుపు కథ వేసి, విప్పినవాణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇంకో సంగతి మరింత ఇబ్బంది పెడుతుంది. పరీక్షలు దాటి చివరిదాకా నడిస్తే కోరినది దొరుకుతుందని చెప్పుకునే మంత్రగత్తెల బాట అనేదే లేదని, అది అగాథ శతాబ్దాలుగా నడిపిన మోసమని, ఆ పాట ఆమె తన కొడుకుతో కలిసి అల్లుకున్నదని చివర్లో తెలుస్తుంది. ఆ బాట ఉందని మనసారా నమ్మిన బిల్లీ తనకు తెలియకుండానే దాన్ని నిజం చేశాడు. అతని గదిలోని పోస్టర్లు, బొమ్మలు, చిన్నా చితకా వస్తువులు చూస్తే బాట మీద ఎదురైన ఇళ్ళూ పరీక్షలూ ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమవుతుంది. అంటే కథ మొత్తం ఒక అభిమాని పడకగదిలోంచి పుట్టింది. అభిమాని ఊహకు ఇంత పెద్దపీట వేసిన సీరియల్‌ను అడ్డం పెట్టుకుని నేను ఊహలను తిట్టబోతే, ఆ సీరియలే నాకు ఎదురు సాక్ష్యం చెబుతుంది.

చూడకముందే తీర్పు రాసినవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. ఆడవాళ్ళ కథ అని, స్త్రీని ప్రేమించే స్త్రీ ఉందని, మొదటి భాగం పూర్తిగా చూసేంత వ్యవధి కూడా గడవకముందే రేటింగులో ఒక్క స్టార్ వేసి వెళ్ళిపోయినవాళ్ళు ప్రతి సీరియల్‌కూ వస్తారు. వాళ్ళు ప్రేక్షకులు కారు. నాకు పట్టింపు ఉన్నది ఇష్టంగా చూసినవాళ్ళ గురించి, అంటే మా గురించే.

నల్ల గుండె

ఆ రాత్రి మాతో పాటు సోఫా మీద కూర్చున్న నాలుగో మనిషి మా అత్తమ్మ. హనుమకొండ నుంచి ఆరు నెలలు ఉండి పోదామని వచ్చింది. ఆమెకు వాండా తెలియదు, విజన్ తెలియదు, ఇంగ్లిషు అంతంత మాత్రం. మనవరాలు పక్కన కూర్చుని ముక్క ముక్కగా చెబుతుంటే వింటూ, చేతిలో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుని ఈనెలు తీస్తోంది.

రెండో భాగంలో అగాథ తన మంత్రగత్తెల గుంపును పోగుచేస్తుంది. చేయి చూసి జోస్యం చెబుతూ పొట్టపోసుకుంటున్న లిలియా. శక్తి మీద ఎవరో వేసిన కట్టుతో మంత్రం మరిచి, ఒంటికి పూసుకునే క్రీములు అమ్ముకుంటున్న జెనిఫర్ కేల్. పోలీసు ఉద్యోగం పోయి మాల్‌లో కాపలా కాస్తున్న ఆలిస్. ఎవరికి ఏ శక్తి ఉందో లిలియా రాసిచ్చిన కాగితంలో మూడు పేర్లతో పాటు ఒక నల్ల గుండె బొమ్మ ఉంటుంది. ఆ గుండె ఎవరిదో అగాథకు తెలుసు. ఆమెను పిలవడం ఇష్టంలేక, గుండె అంటే ఇంగ్లిషులో హార్ట్ కాబట్టి, వీధిలో ఉండే మిసెస్ హార్ట్‌ను మాయమాటలు చెప్పి తీసుకువస్తుంది. "వాండావిజన్" మొదటి భాగంలో భోజనాల బల్ల దగ్గర భర్త గొంతుకు ముద్ద అడ్డుపడి గిలగిల్లాడుతుంటే, నవ్వు ముఖంతోనే ఇక ఆపమని వేడుకున్న ఆవిడే ఈమె. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఏం జరిగిందో పూర్తిగా తేరుకోని మామూలు మనిషి. మంత్రం రాదు. ఎక్కడికి వెళుతున్నారో తెలియదు.

ఆ నల్ల గుండె రియోదేనని మా గ్రూపు క్షణాల్లో పట్టేసింది. పద్నాలుగు సందేశాలు వరసగా వచ్చాయి, నేనూ ఒక బొమ్మ పెట్టాను. అదే సమయంలో అత్తమ్మ చిక్కుడుకాయ పట్టుకున్న చెయ్యి ఆపి అడిగింది: "గా ముసలామె ఎవలు బిడ్డా? ఆమెకు ఏం తెల్వదు గదా, ఎందుకు తోల్కపోతున్నరు?"

"ఆమె మిసెస్ హార్ట్, నానమ్మా. కామెడీ కోసం" అంది మా అమ్మాయి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. నేను విన్నాను. విని ఏమీ అనలేదు.

మేము విప్పిన చిక్కు సరైనదే. ఆ గుండె రియోదే. కానీ దాని అర్థం ఏమిటి? అక్కడ ఉండవలసింది ఇంకొకరని తెలిసీ, పేరు కలిసిందన్న ఒకే ఒక్క కారణంతో ఒక అమాయకురాలిని చావుకు ఎదురు తీసుకుపోతున్నారని. జవాబు దొరికిన సంతోషంలో ఆ జవాబు ఎవరి మీద పడుతుందో చూడలేదు. మూడో భాగంలో, అంటే సరిగ్గా వారానికి, మొదటి పరీక్షలోనే విషం కలిసిన ద్రాక్షసారా తాగి షారన్ చనిపోయింది. ఆ రాత్రి గ్రూపులో ఎవరో "ఒకటి పోయింది" అని రాశారు. దాని కింద, ఇక రియో రావడం ఖాయమని ఇంకొకరు సంబరపడ్డారు.

జల్లెడలో నిలవని పాత్ర

ఎందుకిలా జరిగింది అని ఆలోచిస్తే, నాకు కనబడే కారణం ఊహించడం కాదు, ఊహ ఎవరి వైపు పరుగెత్తుతుందన్నది. 2008లో "ఐరన్ మ్యాన్" వచ్చినప్పటి నుంచి ఈ సినిమాలు మాకు ఒక అలవాటు నేర్పాయి. కొత్త ముఖం కనబడగానే, కామిక్స్‌లో ఉందా, రేపటి సినిమాలోకి వస్తుందా అని అడగడం. అగాథ హార్క్‌నెస్ 1970 నాటి ఫెంటాస్టిక్ ఫోర్ కామిక్స్‌లో పుట్టింది. జెనిఫర్ కేల్ 1972 నాటిది. ఆమె తెర మీదికి వచ్చిన నిమిషంలో ఆమె జాతకం మొత్తం మా గ్రూపులో ఉంది. షారన్‌కు వెనుక కామిక్స్ లేదు, ముందు సినిమా లేదు. మా జల్లెడలో ఆమె నిలవదు.

వయసు కూడా ఒక కారణమని నా అనుమానం. ఈ గుంపులో ముగ్గురు నడివయసు దాటుతున్నవాళ్ళో దాటినవాళ్ళో. ఆ రోజుకు కాథరిన్ హాన్‌కు 51, లిలియాగా వేసిన పాటీ లుపోన్‌కు 75, షారన్‌గా వేసిన డెబ్రా జో రప్‌కు 73. సూపర్‌హీరో కథల్లో ఇంతమంది పెద్ద ఆడవాళ్ళు ఒక గదిలో కూర్చుని పాడడం నేను ఎప్పుడూ చూడలేదు. నేలమాళిగలో ఆ పాట మొదలైనప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కానీ ఆ రాత్రి నేను రాసిన పదిహేనో సందేశం పాటలోని మాటల్లో బిల్లీ గురించి ఏమైనా సూచన ఉందా అని.

ఆ దృశ్యంలోనే నేను వదిలేసినది ఇంకొకటి ఉంది. పాట అయిపోతుంది, దాంతో తెరుచుకోవాల్సిన బాట తలుపు రాదు. అగాథ వెంటనే ఒక్కొక్కరినీ దెప్పిపొడవడం మొదలుపెడుతుంది. మొదటిసారి చూసినప్పుడు అది ఆమె నోటి దురుసు అనుకుని నవ్వాం. రెచ్చగొట్టి, వాళ్ళు తన మీద మంత్రం వేయగానే వాళ్ళ శక్తిని పీల్చేసుకోవడం ఆమె ఎప్పటి నుంచో ఆడుతున్న నాటకమని, తలుపు రాదని ఆమెకు ముందే తెలుసునని, తీరా తలుపు వచ్చేసరికి బిత్తరపోయింది ఆమేనని చివరి భాగం చూశాకే అర్థమైంది. ఆధారం కావలసినవాళ్ళకు అంతకంటే పెద్ద ఆధారం ఆ రాత్రి లేదు. అది పుస్తకం పేరులో లేదు, ఒక మనిషి ముఖంలో ఉంది.

అత్తమ్మ విన్న మాట

"మంత్రగత్తెలు" అని మా అమ్మాయి చెప్పగానే అత్తమ్మ ముఖం మారింది. మాకు ఆ మాట హాలోవీన్ టోపీ, చీపురు, ఊదారంగు వెలుగు. ఆమెకు అది ఊరి మాట. బాణామతి చేస్తోందని, చేతబడి చేస్తోందని ఒక ఆడమనిషి మీద పుకారు పుట్టి, నలుగురూ కూడి కొట్టే మాట. తెలంగాణ పల్లెల్లో అలాంటి వార్తలు పాతబడిపోయాయని చెప్పే ధైర్యం నాకు లేదు. అలా ముద్రపడినవాళ్ళకు ఏ మంత్రమూ రాదు. ఒంటరిగా ఉండే విధవరాలో, పొలం తగాదాలో అడ్డంగా ఉన్న ముసలామెనో అవుతుంది.

అగాథ కథకు పునాది అయిన సేలంలోనూ జరిగింది ఇదే. 1692లో అక్కడ ఉరితీసినది పద్నాలుగు మంది ఆడవాళ్ళను, ఐదుగురు మగవాళ్ళను. ఇంకొకాయనను రాళ్ళు పేర్చి నలిపి చంపారు. అంతా మామూలు మనుషులు. ఆ లెక్కన చూస్తే, ఈ సీరియల్‌లో నిజమైన మంత్రగత్తెలందరి నడుమ నిజమైన సేలం మనిషి షారన్ ఒక్కతే: మంత్రం రాకపోయినా మంత్రగత్తెల జాబితాకు ఎక్కి, దాని వల్ల చచ్చిపోయిన పక్కింటి మనిషి. రాసినవాళ్ళు ఇంత దూరం ఆలోచించారో లేదో నేను చెప్పలేను. అత్తమ్మ మాత్రం చిక్కుడుకాయ ఈనె తీసినంత సేపట్లో ఆమెను గుర్తుపట్టింది.

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం ఉంది. ముగింపు తెలిసిన మనిషి వెనక్కి తిరిగి, మొదటి రాత్రి ఎందుకు ఏడవలేదని అడగడం సులువు. డెబ్రా జో రప్ ఆ పాత్రను నవ్వు కోసమే వేసింది, అద్భుతంగా వేసింది. నవ్వించకపోతే ఆ చావు అంత చివుక్కుమనేది కాదు. మేము నవ్వడం సీరియల్ పథకంలో భాగమే. అయితే నవ్వడం వేరు, నవ్వుతూ కూడా ఆమెను చూడడం వేరు అని నాకు అనిపిస్తుంది. అత్తమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఎవరని అడిగింది.

ఇంకో అనుమానం, మన భాషకు సంబంధించినది. అగాథకు ఆమె ఎప్పుడూ మిసెస్ హార్ట్ మాత్రమే. పేరు పెట్టి పిలవకపోవడం చిన్నచూపు అని నేను ఇంత పొడుగున వాదిస్తున్నాను. కానీ నేను మా అత్తమ్మను పేరుతో పిలిచానా ఎప్పుడైనా? ఈ వ్యాసంలోనే ఎక్కడైనా రాశానా? మనలో పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకపోవడమే మర్యాద. నన్ను కూడా పదేళ్ళ పాటు మా అమ్మాయి స్నేహితుల తల్లులు ఫలానా పిల్ల వాళ్ళమ్మగానే ఎరుగుదురు, నాకు అది ఏనాడూ అవమానం అనిపించలేదు. తేడా ఎక్కడుందో చాలా సేపు ఆలోచించాను. మర్యాద కోసం పేరు వాడనివాళ్ళకు ఆ పేరు తెలుసు. అగాథకు తెలియదు. ఆ రాత్రి నాకూ తెలియదు. షారన్ అన్న మాట మొదటిసారి నేను పట్టించుకుని విన్నది ఆమె పోయాకే.

మొన్న మూడో భాగం అయ్యాక, ఈ మాటలన్నీ మా అమ్మాయితో అన్నాను. కొంత ఒప్పుకుంది, కొంత ఒప్పుకోలేదు. అంత మంచి ఊహలు చేసినందుకు క్షమాపణ చెప్పేది లేదంది. కాసేపటికి ఏమనుకుందో, ఫోన్ తీసి హనుమకొండకు వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున్నే, అత్తమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని ఉంది.

"నానమ్మా, అప్పుడు టీవీలో నువ్వు అడిగినావు చూడు, ఆ ముసలామె, ఆమె పేరు షారన్."

"ఏ షారన్?" అంది అత్తమ్మ. "మీ ఎదురింట్ల ఉండే ఆమెనా? ఎట్లున్నది, మంచిగున్నదా?"

మా అమ్మాయి నా వైపు చూసింది. మా ఎదురింటావిడ పేరు మా ఇద్దరికీ తెలియదు.